ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్: ప్లాన్‌తో పాటు మీ వీధినీ చూసి ఎంచుకోండి

హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా ఇంటి ఇంటర్నెట్ అమ్మేవారు ముందుగా చెప్పేది ఒకటే అంకె, వేగం. వంద ఎంబీపీఎస్, రెండు వందలు, మూడు వందలు. కొనేవారు ఆ అంకెను, దాని పక్కనున్న ధరను మరో సంస్థ ప్లాన్‌తో పోల్చి చూసి, చవకగా కనిపించినదానికి డబ్బు కట్టేస్తారు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒకే సంస్థ, ఒకే ప్లాన్, ఒకే ధర. అయినా ఒక వీధిలో నిక్షేపంగా పనిచేసే కనెక్షన్ రెండు వీధుల అవతల రోజూ రాత్రి మొరాయిస్తుంది. కారణం సులభం. సంస్థ ఎంత పెద్దదైనా మీ ఇంటికి ఇంటర్నెట్ వచ్చేది మీ వీధి చివర ఉన్న పెట్టె నుంచి. ఆ పెట్టెను ఎంతమంది పంచుకుంటున్నారు, తీగ ఏ దారిన వస్తోంది, అది తెగితే ఎవరు వచ్చి అతుకుతారు అనేవే మీ అనుభవాన్ని నిర్ణయిస్తాయి. ఈ సంగతులేవీ ప్రకటనలో ఉండవు. కాస్త ఓపిక చేసుకుంటే మాత్రం మనమే తెలుసుకోవచ్చు.

ముందుగా డబ్బు లెక్క

మన దగ్గర బ్రాడ్‌బ్యాండ్ ధరలను సాధారణంగా పన్ను కలపకుండా చెబుతారు. దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2020 ఆగస్టు చివర జియో ఫైబర్ ప్రకటించిన ప్లాన్లలో 30 ఎంబీపీఎస్‌కు 399 రూపాయలు, 100కు 699, 150కి 999, 300కు 1,499. కొద్ది రోజుల్లోనే ఎయిర్‌టెల్ 40 ఎంబీపీఎస్‌ను 499కి, 100ను 799కి, 200ను 999కి ఇస్తామంది. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున ఉన్న పట్టికనే నమ్మండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. 699 అని రాసి ఉంటే మీరు కట్టేది 825 రూపాయలు. 999 అని ఉంటే 1,179. ఏడాదికి చూస్తే మొదటిది సుమారు 9,900, రెండోది 14,150. నెలకు మూడు వందలే కదా అనిపించిన తేడా సంవత్సరానికి 4,248 రూపాయలవుతుంది. ఆ డబ్బుతో మంచి రూటర్ వస్తుంది. చాలా ఇళ్లలో పెద్ద ప్లాన్ కన్నా ఆ రూటరే ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నెల ధరకు తోడు మరికొన్ని ఖర్చులు ఉంటాయి. కనెక్షన్ పెట్టినందుకు తీసుకునే రుసుము, రూటర్‌కో ఫైబర్ బాక్సుకో డిపాజిట్, ఇల్లు మారితే కనెక్షన్ మార్చే ఛార్జీ. డిపాజిట్ అన్నప్పుడు అది తిరిగి వచ్చేదా, రానిదా అని స్పష్టంగా అడగండి. రూటర్ మీ సొంతమా, సంస్థది మీ దగ్గర ఉంచారా అన్నది కూడా రసీదు మీద ఉండాలి. కనెక్షన్ వదిలేసే రోజున ఎక్కువ గొడవలు జరిగేది ఈ ఒక్క విషయం దగ్గరే.

ఆరు నెలలకో సంవత్సరానికో ఒకేసారి కడితే రుసుము మాఫీ, ఒకటి రెండు నెలలు ఉచితం అని ఆశ చూపిస్తారు. నేనైతే కొత్త సంస్థకు మొదటిసారే సంవత్సరం డబ్బు కట్టవద్దనే చెబుతాను. ఒక నెల ప్లాన్ తీసుకోండి, రుసుము పడినా సరే. ఆ రుసుమును మీరు కట్టే బీమా అనుకోండి. కనెక్షన్ బాగుందని తేలాక రెండో నెల నుంచి ఏడాది ప్లాన్‌కు మారితే నష్టమేమీ లేదు. ముందే పన్నెండు నెలల డబ్బు చేతికిచ్చాక, సేవ బాగాలేదని ఫోను చేస్తే వినేవారిలో తొందర కనిపించదు.

ఓటీటీ చందాలు కలిపిన ప్లాన్లు మరో చిక్కు. పదిహేను యాప్‌లు ఉచితం అన్న మాట చూసి ప్లాన్ విలువ లెక్కగట్టకండి. అవి లేకపోయినా మీరు విడిగా డబ్బు పెట్టి కొనే యాప్‌లు ఏవో వాటి ధరను మాత్రమే తీసివేయండి. పైగా కలిపి ఇచ్చే చందా ఏ స్థాయిదో చూడాలి. ఒకే తెర మీద ఆడేదా, తక్కువ నాణ్యత బొమ్మ ఇచ్చేదా అన్న వివరం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అపరిమితం అన్న మాటకు కూడా పరిమితి ఉంటుంది. జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ప్లాన్లలో తరచుగా కనిపించే హద్దు నెలకు 3,300 జీబీ. అది దాటాక వేగం పడిపోతుంది. మామూలు ఇంటికి ఇది సమస్య కాదు. నెట్‌ఫ్లిక్స్ తానే చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీ బొమ్మకు గంటకు 3 జీబీ, 4కే బొమ్మకు 7 జీబీ వరకు ఖర్చవుతుంది. అంటే 3,300 జీబీ దాటాలంటే నెలలో 470 గంటలకు పైగా 4కే చూడాలి. గాలిలో వచ్చే 5జీ ఇంటి కనెక్షన్లలో మాత్రం ఈ హద్దు బాగా తక్కువగా, 1,000 జీబీ దగ్గర ఉండటం చూస్తాం. హెచ్‌డీ టీవీ రోజుకు పదకొండు గంటలు నడిస్తే అది నెలాఖరుకు సరిపోతుంది. రెండు టీవీలు, నాలుగు ఫోన్లు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్న కుటుంబానికి చాలకపోవచ్చు. స్థానిక ఆపరేటర్ల చవక ప్లాన్లలో హద్దు ఇంకా తక్కువ ఉండవచ్చు కాబట్టి రెండు ప్రశ్నలు తప్పక అడగండి: హద్దు ఎంత, అది దాటాక వేగం ఎంత? వినియోగం సగానికి, తొంభై శాతానికి, పూర్తికి చేరినప్పుడు చందాదారుకు సందేశం పంపాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే సంస్థలను ఆదేశించింది.

మీ గోడ దాకా వచ్చేది ఏ తీగ

నా దృష్టిలో ధర కన్నా ఇది ముఖ్యమైన ప్రశ్న. అందరూ తమది ఫైబర్, అంటే వెలుతురుతో సమాచారం పంపే గాజు తీగ, అనే చెబుతారు. ఆ ఫైబర్ ఎక్కడి దాకా వస్తోందో అడగాలి.

పాత పద్ధతి కేబుల్ టీవీ తీగ మీదనే ఇంటర్నెట్ ఇవ్వడం. నల్లగా, లావుగా ఉండే ఆ తీగ కేబుల్ మోడెమ్‌లోకి వస్తుంది. సాంకేతికంగా దీన్ని డాక్సిస్ అంటారు. టీవీ చానెళ్లు వెళ్లే దారిలోనే కొన్ని చానెళ్లను ఇంటర్నెట్‌కు కేటాయిస్తారు. మన దేశంలో వాడే వెడల్పు చానెల్ ఒక్కొక్కటి సుమారు 50 ఎంబీపీఎస్ మోస్తుంది. ఎనిమిది చానెళ్లు కలిపితే 400. ఇది మీ ఒక్క ఇంటికి కాదు, ఆ పెట్టె కింద ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి. ఒకే పెట్టె కింద వందల ఇళ్లు ఉంటే, క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి ఏం జరుగుతుందో ఊహించవచ్చు. అప్‌లోడ్ పరిస్థితి ఇంకా ఇరుకు. తీగలో అడుగున ఉండే చిన్న పౌనఃపున్య పట్టీ మాత్రమే దానికి మిగులుతుంది. పాత తీగల్లో వదులైన కనెక్టర్ల నుంచి బయటి విద్యుత్ రొద కూడా ఆ పట్టీలోకే చొరబడుతుంది. అందుకే కేబుల్ ఇంటర్నెట్‌లో సినిమా బాగా ఆడుతూనే వీడియో కాల్‌లో మీ ముఖం మాత్రం అవతలివారికి ముక్కలుగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలతో రోజూ మాట్లాడే ఇళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మీకు డౌన్‌లోడ్ ఎంత ముఖ్యమో, వారు మిమ్మల్ని చూడటానికి మీ అప్‌లోడ్ అంత ముఖ్యం.

రెండో పద్ధతి అపార్ట్‌మెంటు దాకా ఫైబర్, అక్కడ స్విచ్ (ఇంటర్నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె) పెట్టి ఒక్కో ఇంటికి లాన్ అనే రాగి తీగ. హైదరాబాద్‌లో బీమ్ అనే సంస్థ ఇలాగే ప్రాచుర్యం పొందింది. తర్వాత అది బెంగళూరు సంస్థ యాక్ట్ చేతికి వెళ్లింది. 2017లో యాక్ట్ ఇదే నగరంలో సెకనుకు ఒక గిగాబిట్ ప్లాన్‌ను నెలకు 5,999 రూపాయలకు మొదలుపెట్టింది. పద్ధతి మంచిదే. అప్‌లోడ్ బాగుంటుంది, ఆలస్యం తక్కువ. కానీ స్విచ్ మీ అపార్ట్‌మెంటు మెట్ల కింద ఉంటుంది, దానికి కరెంటు ఎవరిస్తున్నారు? మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కింద స్విచ్‌కు బ్యాటరీ లేకపోతే కరెంటు పోగానే ఇంటర్నెట్ కూడా పోతుంది. పిడుగులు పడే కాలంలో ఆరుబయట లాగిన రాగి తీగ ద్వారా స్విచ్‌లు, రూటర్లు కాలిపోవడమూ ఉంది.

మూడోది ఇంటి లోపలి దాకా ఫైబర్. పసుపురంగో తెలుపురంగో సన్నని తీగ ఓఎన్‌టీ అనే పెట్టెలోకి వస్తుంది. వీధిలోని పెట్టెకు బ్యాటరీ అవసరం లేకుండా అద్దపు విభాజకాలతోనే వెలుతురును ఇళ్లకు పంచుతారు కాబట్టి మీ ఇంట్లో పెట్టెకు, సంస్థ కేంద్రానికి కరెంటు ఉంటే చాలు. ఇందులోనూ పంపకం ఉంది. జీపాన్ అనే ప్రస్తుత పద్ధతిలో సంస్థ కేంద్రం నుంచి బయలుదేరే ఒక్కో తీగకు సుమారు 2,500 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 1,250 అప్‌లోడ్. దాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకేసారి పూర్తిగా లాగరు కాబట్టి ఇది కేబుల్ తీగ కన్నా ఎంతో విశాలం. మీ ఇంట్లో పెట్టేటప్పుడు మెకానిక్ దగ్గరుండే మీటరుతో వెలుతురు బలం ఎంత వస్తోందో చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27కి చేరువైతే అతుకులు బాగాలేవనో, తీగ ఎక్కడో బాగా వంగిందనో అర్థం. అప్పటికి పనిచేస్తున్నట్టే కనిపించినా మొదటి వానకే పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ అంకె సరయ్యేదాకా సంతకం పెట్టకండి.

నాలుగోది గాలి మార్గం. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరు 19న ఎనిమిది నగరాల్లో మొదలైంది, వాటిలో హైదరాబాద్ ఒకటి. డాబా మీద పెట్టే పెట్టె 5జీ టవర్ నుంచి సంకేతం అందుకుంటుంది. తీగ రాని కాలనీలకు, అద్దె ఇంట్లో గోడకు రంధ్రం పడనివ్వని యజమానులున్నచోట ఇది ఒక్కటే దారి. కానీ ఆ టవర్‌ను చుట్టుపక్కల ఫోన్లన్నీ వాడుతుంటాయి. తీగ దొరికేచోట దీన్ని నేను రెండో ఎంపికగానే చూస్తాను.

తీగ ఏదైనా, అది భూమిలోంచి వస్తోందా, స్తంభాల మీదుగానా అన్నది హైదరాబాద్‌లో ఇప్పుడు మరీ ముఖ్యం. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ విషాదం తర్వాత విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను తొలగించడంతో నగరంలో చాలా చోట్ల ఇంటర్నెట్ నిలిచిపోయింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. మనుషుల ప్రాణాల ముందు మన ఇంటర్నెట్ ఎంత? ఆ తీగల గుట్టలు పోవాల్సిందే. అయితే కనెక్షన్ ఎంచుకునేవారు మాత్రం తమ వీధిలో ఏ సంస్థ భూగర్భ మార్గంలో వస్తోందో వాకబు చేసుకోవాలి.

వేగాన్ని ఎప్పుడు, ఎలా కొలవాలి

ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. మన ఫైళ్ల కొలత మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిదితో భాగించాలి. వంద ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 12.5 ఎంబీ దిగితే అది పూర్తి వేగమే. మోసం జరిగిందని కంగారు పడనక్కర్లేదు.

కొలవాల్సింది లాన్ తీగతో, ల్యాప్‌టాప్ మీద. వైఫైలో కొలిస్తే మీరు కొలిచేది మీ ఇంటి గోడలను. మెకానిక్ సాధారణంగా ఉదయం పదకొండింటికి వచ్చి, రూటర్ పక్కనే నిలబడి ఫోనులో పరీక్ష చేసి అంకె చూపిస్తాడు. ఆ వేళకు పిల్లలు బడిలో, పెద్దలు ఆఫీసులో ఉంటారు. వీధి ఖాళీ. మీరు చూడాల్సింది రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఆదివారం సాయంత్రం, పెద్ద మ్యాచ్ జరుగుతున్న వేళ. నా ప్రమాణం ఇది: రద్దీ వేళలో ప్లాన్ వేగంలో ఎనభై శాతం వస్తే మంచి కనెక్షన్. సగానికి పడిపోతే పెద్ద ప్లాన్‌కు మారినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఇరుకు మీ ప్లాన్‌లో లేదు, వీధి పెట్టెలో ఉంది. ఆ సమయంలో ఇంకా ఖరీదైన ప్లాన్ తీసుకోమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

వేగం కొలిచే ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్ తనంతట తానుగా దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. అది తరచుగా మీ సంస్థ సొంత సర్వరే అయి ఉంటుంది. అక్కడిదాకా వేగం బాగుండటం సహజం. సర్వర్‌ను మార్చి ముంబైలోనో చెన్నైలోనో వేరే సంస్థది ఎంచుకుని మళ్లీ కొలవండి. ఒకసారి సింగపూర్ కూడా చూడండి. నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్‌లో కొలిస్తే సినిమా వచ్చే దారి ఎలా ఉందో తెలుస్తుంది. దాని వివరాల్లో ఖాళీగా ఉన్నప్పటి ఆలస్యం, రద్దీగా ఉన్నప్పటి ఆలస్యం అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఖాళీగా 10 మిల్లీసెకన్లు ఉండి రద్దీలో 300కు ఎగబాకితే, ఇంట్లో ఒకరు పెద్ద ఫైలు దించుకుంటున్నప్పుడు మరొకరి వీడియో కాల్ తెగుతుందన్నమాట. ఆటలు ఆడేవారికి, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారికి డౌన్‌లోడ్ అంకె కన్నా ఇదే ప్రాణం.

అమెరికా ఆఫీసు సర్వర్లలో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రక్షిత మార్గం) ద్వారా పనిచేసేవారికి మరో మాట. ఇక్కడి నుంచి అక్కడికి ఆలస్యం 200 మిల్లీసెకన్లు దాటుతుంది, అది దూరం వల్ల వచ్చేది, దాన్ని తగ్గించడం ఏ సంస్థ వల్లా కాదు. కానీ సమాచార పొట్లాలు మధ్యలో పోవడం మాత్రం సంస్థను బట్టి మారుతుంది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ బొమ్మలు సంస్థ నెట్‌వర్క్‌లోనే నిల్వ ఉంటాయి కాబట్టి అవి హాయిగా ఆడతాయి. విదేశీ మార్గాన్ని చవకగా కొన్న చిన్న సంస్థ అసలు రూపం ఆఫీసు పనిలో బయటపడుతుంది. కంప్యూటర్‌లో 1.1.1.1 అనే బయటి సర్వర్‌కు, మీ ఆఫీసు చిరునామాకు పింగ్ (చిన్న పొట్లాలు పంపి జవాబు వస్తోందా అని చూసే పరీక్ష) పెట్టి పది నిమిషాలు వదిలేయండి. వందకు ఒకటి కన్నా ఎక్కువ పోతుంటే ఆ కనెక్షన్ ఉద్యోగానికి పనికిరాదు.

ఇక మీకు ఎంత వేగం కావాలి? నెట్‌ఫ్లిక్స్ సిఫారసు పూర్తి హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15. ఒక 4కే టీవీ, రెండు వీడియో కాల్స్, రెండు ఫోన్లు ఒకేసారి నడిచినా 50 దాటదు. నలుగురున్న ఇంటికి స్థిరంగా అందే 100 ఎంబీపీఎస్ పుష్కలం అని నా గట్టి నమ్మకం. పెద్ద పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారు, పదుల జీబీల ఆటలు దించుకునేవారు తప్ప 300 అవసరమయ్యే ఇళ్లు అరుదు.

లోపం మీ ఇంట్లోనే ఉండవచ్చు

సంస్థను మార్చే ముందు రూటర్‌ను చూడండి. చవక రూటర్లలో లాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. వాటితో 200 ప్లాన్ తీసుకున్నా తీగలో 94 దాటి రాదు. ఇక ఒకే పౌనఃపున్య పట్టీ, అంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే ఉన్న రూటర్ అపార్ట్‌మెంట్లలో పక్కవారి వైఫైలతో కొట్టుకుంటూ ముప్పై నలభై దగ్గర ఆగిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్నది కావాలి, కానీ అది మన కాంక్రీటు గోడలను రెండు దాటేసరికి నీరసిస్తుంది. అందుకే రూటర్‌ను ముందు గది మూలన, టీవీ వెనక, ఇనుప బీరువా మీద పెట్టించుకోకండి. ఇంటి మధ్యలోకి తీగ లాగమని కనెక్షన్ పెట్టే రోజునే పట్టుబట్టండి. తర్వాత అడిగితే డబ్బు అడుగుతారు. పెద్ద ఇల్లయితే, రెండంతస్తులైతే, పైన చెప్పిన 4,248 రూపాయలను మెష్ రూటర్‌కో (ఇంట్లో పలుచోట్ల పెట్టే జంట పెట్టెలు) రెండో యాక్సెస్ పాయింట్‌కో (మరో గదిలో వైఫై ఇచ్చే పెట్టె) పెట్టండి. ఓఎన్‌టీలు, రూటర్లు ఎక్కువగా 12 వోల్టుల మీద నడుస్తాయి. అరచేతిలో పట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొంటే ఒకటి రెండు గంటల కోతను దాటించవచ్చు.

సీసీ కెమెరాలను పాత పద్ధతిలో, నేరుగా ఇంటి ఐపీ చిరునామాకు (ఇంటర్నెట్‌లో మీ ఇంటిని గుర్తించే అంకె) వెళ్లి చూసేవారు మరొకటి అడగాలి. స్థానిక సంస్థలు తరచుగా ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచుతాయి, అప్పుడు బయటి నుంచి కెమెరా తెరుచుకోదు. స్థిర ఐపీకి విడిగా ఎంత అవుతుందో ముందే తెలుసుకోండి.

పెద్ద సంస్థా, ఊరి ఆపరేటరా

జియో, ఎయిర్‌టెల్‌ల బలం పెద్ద నెట్‌వర్క్, యాప్‌లో ఫిర్యాదు, పద్ధతిగా వచ్చే బిల్లు. జియో ఫైబర్ చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో సమానంగా ఇవ్వడం నాకు నచ్చే గుణం. లోపమేమిటంటే, మీ సమస్య మామూలు జాబితాలో లేనిదైతే ఫోనులో వినేవారికి దాన్ని అర్థం చేయించడం కష్టం. యాక్ట్ నగర అపార్ట్‌మెంట్లలో స్థిరపడిన సంస్థ, దాన్ని ఎంచుకునే ముందు మీ బ్లాక్‌లోని స్విచ్ పరిస్థితి చూడటమే ప్రధానం.

బీఎస్ఎన్ఎల్‌ను చాలామంది పాత రాగి తీగ రోజుల జ్ఞాపకంతో పక్కన పెడతారు. ఆ అభిప్రాయాన్ని మార్చుకోవాలి. దాని ఫైబర్ కనెక్షన్లు చాలా చోట్ల ఊరిలోని భాగస్వాములు, తరచుగా కేబుల్ ఆపరేటర్లే, ఆదాయంలో వాటా తీసుకుని ఇస్తున్నారు. ఆ భాగస్వామి చురుకైనవాడైతే బీఎస్ఎన్ఎల్ కనెక్షన్ చిన్న పట్టణాల్లో, మండల కేంద్రాల్లో అన్నిటికన్నా మేలు. భాగస్వామి బద్ధకస్తుడైతే ఎంత పెద్ద పేరైనా ఆదుకోదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ సంగతి వేరు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకం టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడింటినీ నెలకు 149 రూపాయలకు ఇస్తామని వచ్చింది. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ వేసి, ఊరి కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇంటికి చేర్చారు. ఏ ప్రైవేటు సంస్థా తొంగిచూడని పల్లెల్లోకి తీగ వెళ్లడం చిన్న విషయం కాదు, దాన్ని నేను గౌరవిస్తాను. ఎంచుకునేటప్పుడు మాత్రం ఈ రోజున డేటా హద్దు ఎంత, టీవీ చానెళ్లకు కలిపి మొత్తం ఎంత కట్టాలి అని ఆపరేటర్‌నే అడిగి రాయించుకోండి. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కాలువల్లోనే తీగ వేసుకుంటూ వచ్చింది. భూగర్భ మార్గం కాబట్టి అది మీ గ్రామానికి చేరి ఉంటే తప్పక పరిశీలించదగింది.

మీ వీధిలోని చిన్న ఆపరేటర్‌ను తక్కువగా చూడకండి. తీగ తెగితే రాత్రి పదింటికైనా నిచ్చెన వేసుకుని వచ్చేది అతనే కావచ్చు, అతని ఫోను నంబరు మీ దగ్గర ఉంటుంది. అయితే జీఎస్టీ బిల్లు ఇస్తాడా, ఏ లైసెన్సు ఉన్న సంస్థ కింద నడుపుతున్నాడు, ఊరు వెళ్తే బదులు ఎవరుంటారు? ఈ మూడు అడగండి. ఆఫీసు నుంచి ఇంటర్నెట్ ఖర్చు తిరిగి రాబట్టుకునేవారికి పన్ను బిల్లు లేకపోతే చవక కనెక్షన్ ఖరీదైపోతుంది.

ఎవరిని ఎంచుకోవాలో తేల్చే గట్టి సాక్ష్యం మీ అంతస్తులోను, ఎదురింట్లోను ఉంది. అదే సంస్థ వాడేవారిని ఇద్దరిని కలిసి, ఎంత వేగం అని కాకుండా, గత వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, ఎన్ని గంటల్లో వచ్చింది అని అడగండి. రాత్రి వేళ వారి ఇంట్లో ఒకసారి పరీక్ష చేయనిస్తే ఇంకా మంచిది. ఇంటి నుంచి ఉద్యోగం తప్పనిసరి అయినవారు ఒక పెద్ద ప్లాన్ బదులు రెండు చిన్న ప్లాన్లు తీసుకోవడం తెలివైన పని. ఒకటి తీగ, మరొకటి గాలి, లేదా ఒకటి భూగర్భం, మరొకటి స్తంభాల మీదది. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే రెండూ ఒకేసారి తెగుతాయి.

తెగినప్పుడు మీ హక్కులు

ఫిర్యాదు చేసిన ప్రతిసారీ నంబరు తీసుకోండి. వాట్సాప్‌లో ఆపరేటర్‌కు చెప్పడం పని జరగడానికి సరిపోతుంది కానీ, హక్కు అడగడానికి నంబరే ఆధారం. ట్రాయ్ సేవా ప్రమాణాల ప్రకారం లోపం మూడు రోజులు దాటినా సరిచేయకపోతే ఏడు రోజుల అద్దె, ఏడు రోజులు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలి. అడగనివారికి ఇది అరుదుగా అందుతుంది. ఫిర్యాదు తేలకపోతే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీకి ముప్పై రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు, దానికి రుసుము లేదు. ట్రాయ్ విడి విడి ఫిర్యాదులను విచారించదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడటం వృథా. వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉంది. టెలికాం సేవల వివాదాలను వినియోగదారుల న్యాయస్థానాలు విచారించవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. రాత్రి వేళ చేసిన పరీక్షల తెరచిత్రాలు తేదీలతో సహా దాచి ఉంచితే అప్పుడు పనికొస్తాయి.

కొత్త కనెక్షన్ తీసుకున్న రోజునే పాతది తీసేయించకండి. ఒక నెల రెండూ ఉండనివ్వండి, వీలైతే ఒక గట్టి వాన, ఒక మ్యాచ్ రాత్రి గడవనివ్వండి. ఆ తర్వాత పాత సంస్థకు రాతపూర్వకంగా చెప్పి, రూటర్‌ను, దాని అడాప్టర్‌ను తిరిగి ఇచ్చి, సీరియల్ నంబరుతో రసీదు తీసుకుని, డిపాజిట్ ఏ ఖాతాలోకి రావాలో అదే కాగితం మీద రాయించుకోండి.